కత్తి అంటే ఏ కత్తి? తిరుపతి, చిత్తూరు మాటల్లో: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో తెలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. బళ్ళో పిల్లలు అడుగుతారు, ఊరికి కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు అడుగుతారు, పక్కింటి తమిళావిడ అడుగుతుంది. ఎక్కువ ప్రశ్నలు వచ్చింది మాత్రం కత్తి మీదే. ఇంట్లో అందరి చేతికీ తగిలే వస్తువు కదా, ఇందులో అడగడానికి ఏముంది అనుకునేదాన్ని. అడిగేకొద్దీ నాకే తెలియని సంగతులు బయటపడ్డాయి. కొన్ని కమ్మరాయన చెప్పాడు, కొన్ని మా అవ్వ నోట విన్నవి గుర్తొచ్చాయి. అవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

కత్తి అంటే ఒక్క వస్తువేనా?

కాదు. కోసేది, నరికేది, గీసేది, చెక్కేది, ఇలా ఇనుప అంచున్న చాలా పనిముట్లకు మనవాళ్ళు వాడే ఉమ్మడి పేరు అది. దానికి ముందో వెనకో ఇంకో మాట చేరితే తప్ప ఏ కత్తో తేలదు. కత్తిపీట, మంగలికత్తి, గీతకత్తి, చురకత్తి, కోడికత్తి, మచ్చుకత్తి, ఇలా.

మా వీధిలోకి విజయవాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇల్లాలు కొబ్బరికాయ ముక్కలు చేసుకుందామని పక్కింటికి వెళ్ళి, "అక్కా, ఒకసారి కత్తి ఇస్తారా" అని అడిగింది. పక్కింటావిడది పుత్తూరు వైపు పల్లె. పెరట్లోకి వెళ్ళి మచ్చుకత్తి పట్టుకొచ్చింది. జానెడున్నర పొడవు, కొన దగ్గర లోపలికి వంకీ తిరిగిన రేకు, వీపు వైపు వేలెడు మందం, చెమటకు నల్లబడ్డ కర్ర పిడి, పిడి మొదట్లో ఇనుప పొన్ను. చూసి ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె అడిగింది కూరగాయల కత్తి. ఈమెకు కత్తి అంటే కంప కొట్టేది, కొబ్బరి బోండాం చెక్కేది, కట్టె చీల్చేది. తప్పు ఎవరిదీ కాదు, పేరు అంత పెద్దది.

మచ్చుకత్తి, కొడవలి, దోటి ఒకటేనా?

వాడేవాళ్ళను అడిగితే మూడూ మూడు పనులంటారు. కొడవలి సగం చందమామలా వంగి ఉంటుంది. వరి కోతకు వాడేదానికి లోపలి అంచున సన్నటి పళ్ళుంటాయి, దాన్ని కక్కు కొడవలి అంటారు. ఆ కక్కులు గడ్డిపోచను పట్టి లాగుతాయి కాబట్టి చెయ్యి విసరక్కర్లేదు, ఇటు లాగితే చాలు. మచ్చుకత్తికి పళ్ళుండవు, అది బరువుతో పని చేస్తుంది, పైనుంచి వెయ్యాలి. దోటి అంటే పొడవాటి గడ కొసన కట్టిన చిన్న కొడవలి. మేకలకు వేపమండలు, తుమ్మమండలు తెంపేది దానితోనే.

ఉలి, బాడిశ, రంపం కత్తులు కావా అని ఒక పిల్లవాడు అడిగాడు. కావు. వాటి పేర్లు వాటికి గట్టిగా అతుక్కుపోయాయి, వాటిని ఎవరూ కత్తి అనరు.

ఇంట్లో వాడే కత్తిపీటను కొందరు ఈలపీట అంటారెందుకు?

ఈల అన్నా, ఈలకత్తి అన్నా ఆ వంపు తిరిగిన రేకే. రాయలసీమలో చాలా ఇళ్ళలో ఈలపీటే అంటారు. కన్నడంలో ఈళిగె మణె అనే మాట ఉంది, రెండూ ఒక ఇంటి పిల్లలే. చిత్తూరు వైపు రెండు మాటలూ వినిపిస్తాయి.

పీట మీద కాలేసి కూర్చుని, రేకు నిలబడి ఉండగా కాయను దాని మీదికి నెట్టడం ఒక విద్య. ఇక్కడ కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది. మా అవ్వ ఎర్రగడ్డలు తరుగుతూ గుమ్మంలోకి వచ్చినవాళ్ళ ముఖం చూసి మాట్లాడేది, చేతుల వైపు చూసేదే కాదు. బల్ల మీద పెట్టి చాకుతో కోసే అలవాటు వచ్చాక ఆ విద్య పోతోంది. పోకూడదని నా కోరిక. కత్తిపీట కొసనున్న పళ్ళ చక్రంతోనే కొబ్బరి కోరుకోవచ్చు, దానికి వేరే పరికరం కొనక్కర్లేదు.

చాకు తెలుగు మాటేనా?

పారసీ, తురుష్క భాషల నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. వచ్చి స్థిరపడిపోయింది. "చాకులాంటి కుర్రాడు" అంటే చురుకైనవాడు, చెప్పిన పని చటుక్కున చేసేవాడు. చాకు అనే మాటతోనే మన భాషలో ఆ పోలిక పుట్టింది కాబట్టి, బయటిమాట అని దాన్ని తీసేయమనేవాళ్ళతో నేను ఏకీభవించను.

సినిమా బాగుంటే, బండి బాగుంటే కుర్రాళ్ళు "కత్తి" అంటున్నారు. ఇది తప్పు వాడుక కాదా?

తప్పు కాదు. చాకులాంటి అన్న పాత పోలికకు ఇది తమ్ముడు. పదునైనది మెచ్చుకోదగ్గది అనే భావం మన భాషలో ఎప్పటినుంచో ఉంది: పదునైన బుద్ధి, చురుకైన చూపు, వాడియైన మాట. పాత వాడుకలో "లాంటి" అని పోలికగా ఉండేది, ఇప్పుడు ఆ తోక తెంచేసి "మావా, కత్తి!" అంటున్నారు. పరీక్ష వ్యాసంలో రాయొద్దని చెబుతాను గానీ మాట్లాడుకునేటప్పుడు ఆపను.

ఒక్కచోట మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. ఆడపిల్లను చూసి "కత్తిలా ఉంది" అనడం. వస్తువుకు చెప్పే మెప్పును మనిషికి, అదీ వినేటట్టు అంటే, అది మెప్పు కాదు. బస్టాండులో ఆ మాట పడిన పిల్ల నా ముందు కూర్చుని ఏడ్చింది. అందుకే ఈ జవాబులో ఈ రెండు వాక్యాలు ప్రతిసారీ చేరుస్తాను.

"ఈ కత్తి తెగదు" అంటారు. కత్తి తెగడమేమిటి, కోసేది కదా?

మంచి ప్రశ్న. తాడు తెగింది అంటే తాడే రెండు ముక్కలైంది. కత్తి తెగడం లేదు అంటే కత్తి ముక్కలు కావడం లేదని కాదు, దానివల్ల ఏదీ తెగడం లేదని. తెగు అనే క్రియ తెగిపోయే వస్తువుకూ తెంచే వస్తువుకూ రెండింటికీ చెల్లుతుంది. "పెన్ను రాయదు", "బండి లాగదు" అన్నట్టే ఇది కూడా పనిముట్టు పనితనాన్ని చెప్పే వాక్యం.

కోసే పనికి మనకున్న క్రియలు చూడండి. ఉర్లగడ్డ తరుగుతాం, మామిడికాయ కోస్తాం, సొరకాయ చెక్కు తీస్తాం, కట్టె చీలుస్తాం, కొమ్మ నరుకుతాం, టెంకాయ కొడతాం, తాటిగెల గీస్తాం. ఇన్ని పనులు చేసే పనిముట్లకూ పేరు ఒక్కటే, కత్తి. క్రియ వింటే ఏ కత్తో తెలిసిపోతుంది. కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్ళకు నేను కత్తి పేర్లు ముందు నేర్పను, ఈ క్రియలు నేర్పుతాను.

పదును అనేది కత్తికేనా? రైతులు "నేల పదునయింది" అంటారేమిటి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. చిత్తూరు పల్లెల్లో పదును అనే మాట కత్తి దగ్గరకంటే చేలో ఎక్కువ వినిపిస్తుంది. వేరుశనగ మెట్టపంట. తొలకరికి వాన పడి, నేల లోపల తగినంత తేమ పట్టి, మడక కర్రుకు మట్టి అంటుకోకుండా, గడ్డ కట్టకుండా పొడిపొడిగా విడిపోయే స్థితి వస్తే దాన్ని పదును అంటారు. "పదునైంది, రేపు ఇత్తనం ఎయ్యాల" అంటారు. వాన ఎక్కువైతే పదును మించిందంటారు. ఎండ కాస్తే పదును ఆరిపోతుంది. అదను, పదును అని జంటగా చెప్పడం కూడా ఉంది: అదను కాలానిది, పదును నేలది.

మా తాత పదును చూసే తీరు ఇదీ. మడమతో నేలను కొంచెం తవ్వి, లోపలి మట్టి పిడికెడు తీసి గట్టిగా నొక్కేవాడు. చెయ్యి తెరిచాక మట్టి ముద్దగా నిలవాలి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. ముద్దగానే ఉండిపోతే ఇంకో రోజు ఆగేవాడు. అసలు ముద్దే కట్టకపోతే ఆకాశం వైపు చూసి లోపలికి వచ్చేసేవాడు.

కత్తికి పదును, నేలకు పదును. పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి అన్నది రెండింటిలోనూ ఉంది. ఆ అర్థం పట్టుకుంటే మాట ఒకటే అని తెలిసిపోతుంది.

"మొక్కవోని ధైర్యం" అంటారు. అందులో మొక్కకు కత్తికి సంబంధం ఉందా?

ఉంది. ఆ మొక్క చెట్టు మొక్క కాదు. మొక్కపోవడం అంటే ఆయుధం అంచు విరిగో అరిగో మొండిబారడం. మొక్కవోని అంటే మొండిబారని. పేపర్లో "మొక్కవోని దీక్ష" అని రోజూ చదివేవాళ్ళకు కూడా తాము కత్తి గురించి చదువుతున్నామని తెలియదు. ఈ సంగతి చెప్పిన రోజున తరగతిలో పిల్లల ముఖాలు చూడాలి!

కత్తి మీద ఉన్న జాతీయాలు ఏవి, వాటిని ఎక్కడ వాడాలి?

కత్తి మీద సాము: సాము అంటే ఆయుధాలతోనో దేహంతోనో చేసే అభ్యాసం, కర్రసాము, కత్తిసాము లాగా. అంచు మీద సాము అంటే ఏమాత్రం తూలినా దెబ్బే. రెండు వైపులవాళ్ళనూ నొప్పించకుండా నెగ్గుకురావాల్సిన పనికి వాడితే సరిగ్గా కుదురుతుంది. ఊరికే కష్టమైన ప్రతి పనికీ వాడితే మాట మొక్కపోతుంది.

కత్తి కట్టడం అంటే పనిగట్టుకుని పగబట్టడం. కత్తులు నూరుకోవడం అంటే పగ ఇద్దరిలోనూ ఉండటం, ఇంకా దెబ్బ పడకపోవడం. ఈ తేడా గమనించాలి. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" ఇద్దరు పెత్తందార్లకు. "బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా" అన్నది, ఖరీదైనదైనా చెరుపు చేసేదైతే వద్దని చెప్పడానికి. గొప్ప సంబంధమని పిల్లను ఇష్టంలేని చోట ఇవ్వబోతుంటే మా అవ్వ ఈ సామెతే అన్నది, ఆ సంబంధం ఆగింది. తేనె పూసిన కత్తి తియ్యగా మాట్లాడి ముంచేవాళ్ళకు. భయంతోనో అవమానంతోనో ముఖం పాలిపోయినప్పుడు "కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు" అంటారు.

తిరుమలలో "మూడు కత్తెరలు" అంటే ఏమిటి?

స్వామికి తలనీలాలు ఇవ్వడం తెలిసిందే. పూర్తిగా గుండు చేయించుకోని ఆడవాళ్ళు మూడుసార్లు కత్తెర పడేలా జుట్టు కొసలు సమర్పిస్తారు. అదే మూడు కత్తెరలు. ఇక్కడ కత్తెర అంటే పనిముట్టు కాదు, ఒక్కో వేటు, మొక్కులో ఒక లెక్క. "బిడ్డకు జొరం తగ్గితే మూడు కత్తెరలిస్తా సామీ" అని మొక్కుకుంటారు.

గుండు చేసే చోటికి కల్యాణకట్ట అని పేరు. శుభం కోరి వచ్చినచోట క్షవరం అనే మాట పలకకుండా కల్యాణం అన్నారు. అక్కడి సేవకు డబ్బు తీసుకోరు. ఇప్పుడు అక్కడ వాడేది పాతకాలపు మంగలికత్తి కాదు, సగం బ్లేడు బిగించిన పిడి. అయినా జనం నోట కత్తి పోలేదు. పుట్టువెంట్రుకల మొక్కున్న పిల్లవాడికి కొండకు తీసుకుపోయేదాకా "తల మీద కత్తి పడనీయం" అంటారు. మా మేనల్లుడికి మూడో ఏడు వచ్చేదాకా జడ వేశాం. కల్యాణకట్టలో తాత ఒళ్ళో కూర్చున్నాడు. తల తడిపి, నుదుటి నుంచి వెనక్కి మొదటి గీత గీసేసరికి వాడు ఏడుపు మరిచి, ఒళ్ళో పడ్డ తన జుట్టునే పిడికిట పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గుండుకు చందనం.

వేసవిలో "కత్తిరి ఎండలు" అంటారు. కత్తెరకు ఎండకు ఏమిటి సంబంధం?

పంచాంగంలో కర్తరి అని ఒక కాలం ఉంది. సూర్యుడు భరణి చివర నుంచి కృత్తిక మీదుగా రోహిణి మొదటి పాదం దాటేవరకు, అంటే మే 4 ప్రాంతంలో మొదలై 28 ప్రాంతంలో ముగుస్తుంది. మొదటి వారం చిన్న కర్తరి, 11 నుంచి నిజ కర్తరి. ఆ రోజుల్లో ఇల్లు మొదలుపెట్టడం, బావి తవ్వడం, చెట్టు కొట్టడం పెద్దలు వద్దంటారు. కర్తరి సంస్కృతంలో కత్తెర. కర్తరి ప్రకృతి, కత్తెర వికృతి. తమిళం కలిసిన మన చిత్తూరు వైపు కత్తిరి అనే పలుకుతారు. తిరుపతిలో గంగమ్మ జాతర జరిగేదీ మే నెలలోనే. పాలెగాడి తల నరికిన అమ్మవారి కథను వారమంతా వేషాలు కట్టి ఆడే జాతర, నెత్తిమీద కత్తిరి ఎండ!

వ్యాకరణంలో "కర్తరి ప్రయోగం" ఉంది కదా, అది కూడా కత్తెరేనా అని పదో తరగతి పిల్ల అడిగింది. కాదు. కర్త అన్న మాటకు సంస్కృతంలో సప్తమీ విభక్తి కర్తరి. రాముడు రావణుని చంపెను అన్నప్పుడు ప్రధానం కర్త, అందుకని ఆ పేరు. రెండు మాటలూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నా దారులు వేరు.

కత్తెర పురుగు అంటే?

మొక్కజొన్నను తినే పురుగు. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో కనబడి, తర్వాత మన పొలాల్లోకీ వచ్చింది. తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి గుర్తుతో దాన్ని గుర్తుపడతారు. సుడిలో చేరి ఆకులను కొరికేస్తుంది. పేపర్లలో "నిధులకు కత్తెర", "సెన్సారు కత్తెర" అన్నవి ఇంకో రకం, అక్కడ అర్థం కోత.

తమిళులు, కన్నడిగులు కత్తి అంటే మనం అనుకునేదే అనుకుంటారా?

కుప్పం, పలమనేరు వైపు ఇది రోజూ వచ్చే చిక్కు. తమిళంలో, మలయాళంలో కత్తి అంటే చాకు, మామూలు కత్తి. కన్నడంలో కత్తి అంటే ముందు గుర్తొచ్చేది యుద్ధంలో వాడే ఖడ్గం, వంటింట్లోది చాకు. కన్నడంలో కత్తె అంటే గాడిద, కాబట్టి అక్కడ చివరి అచ్చు జాగ్రత్తగా పలకాలి. సంతలో తమిళావిడ కత్తిరిక్కాయ్ అడిగితే కత్తెర వెతకొద్దు, ఆమెకు కావలసింది వంకాయ.

దేవుడి కత్తికి వేరే పేరుందా?

విష్ణువు ఖడ్గం నందకం. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) నందకం అంశతో పుట్టాడని సంప్రదాయం. వేంకటేశ్వరుడి ఆభరణాల్లో ఉన్న ఖడ్గాన్ని సూర్యకఠారి అంటారు. కఠారి పొట్టి ఖడ్గం. కత్తి అనే మాట పూజలో, స్తోత్రంలో అంతగా వినపడదు. అక్కడ ఖడ్గం, కరవాలం, అసి.

కత్తి ఇంటిపేరుగా ఉందా?

ఉంది. దళిత ఉద్యమ రచయిత కత్తి పద్మారావు పేరు అందరూ విన్నదే. నటుడు కాంతారావుది మాత్రం ఇంటిపేరు కాదు, జానపద చిత్రాల్లో కత్తియుద్ధాలకు జనం పెట్టుకున్న పిలుపు, కత్తి కాంతారావు.

మంచి కత్తి ఎక్కడ దొరుకుతుంది, పదును ఎవరు పెడతారు?

మచ్చుకత్తి కావాలంటే కొలిమి దగ్గరికే వెళ్ళండి. లారీ కమాను పట్టీలు పాతవి తెచ్చి, ఎర్రగా కాల్చి, సాగగొట్టి చేస్తారు. ఆ ఉక్కు గట్టిది. చివర్లో అంచు మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచుతారు. ఎంతసేపు ముంచాలన్నది ఎరుపు రంగు చూసి కమ్మరి నిర్ణయిస్తాడు. ఎక్కువైతే అంచు పెళుసై పెచ్చు లేస్తుంది, తక్కువైతే వారానికే మొండిబారుతుంది. నేను ఒకసారి సంతలో చవకగా ఒకటి కొన్నాను, రెండో టెంకాయకే అంచు మడతపడింది.

వంటింటి కత్తులకు వీధుల్లో సైకిలు మీద సాన తిప్పే ఆయన వస్తాడు. సైకిలును నిలబెట్టి, పెడలు తొక్కుతూ రాతిచక్రం తిప్పి అంచు ఆనిస్తాడు. నిప్పురవ్వలు చూడటానికి వీధి పిల్లలంతా మూగుతారు. పదును చూడటానికి ఆయన కాగితం కోయడు, అంచును బొటనవేలి గోటి మీద ఆనిస్తాడు. జారితే మళ్ళీ చక్రం మీదికి, పట్టుకుంటే మీ చేతికి.

కత్తి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదంటారు. నిజమా?

నమ్మకం మాట పక్కన పెట్టినా అలవాటు మంచిదే. ఇచ్చేవాళ్ళు పిడి పట్టుకుంటే తీసుకునేవాళ్ళకు అంచు మిగులుతుంది. ఉప్పు, మిరపకాయలు, కత్తి చేతికిస్తే తగవులొస్తాయని మా అవ్వ అనేది. ఆయుధపూజ నాడు కత్తిపీటకు, కొడవలికి, మచ్చుకత్తికి పసుపు కుంకుమ పెట్టి, బొరుగులూ బెల్లమూ నైవేద్యం పెట్టేది, ఆ రోజు ఇంట్లో ఏదీ తరగనిచ్చేది కాదు. మిగతా రోజుల్లో వంటింట్లోంచి ఆమె గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది: "మే, చేతికియ్యద్దు. ఆడ కింద పెట్టు, నేను తీసుకుంటా."